పన్ను సగం చేసిన ఏడాది

అప్పట్లో విమానం టికెట్టంటే చేత్తో రాసేదే. చిన్న చెక్కుబుక్కులా ఉండేది. లోపల నాలుగు ఆకులు, ఒక్కో ఆకు వెనక ఎర్రటి కార్బన్ పూత. పైన రాసింది కింది ఆకు దాకా దిగేది. రోజుకి పాతిక ముప్పై టికెట్లు రాస్తే సాయంత్రానికి వేళ్ళు ఎర్రబారిపోయేవి, ఎంత సబ్బు పెట్టి తోమినా ఓ పట్టాన వదిలేది కాదు. అలా ఆమెకి కార్బనక్క అన్న పేరు పడిపోయింది. ముందు ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు గానీ, ఆఫీసు కింద కళ్ళజోళ్ళ కొట్టాయన దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందరికీ ఆమె కార్బనక్కే. పెళ్ళయిన కొత్తలో మొగుడు కూడా ఒకసారి నోరు జారి అలాగే పిలిచాడు. పిలిచిన పాపానికి రెండు రోజులు తన అన్నం తనే వండుకున్నాడు.

ఉద్యోగంలో చేరేనాటికి ఆమెకి పంతొమ్మిదేళ్ళు. కళ్ళజోళ్ళ కొట్టు పక్కనుంచి చెక్కమెట్లెక్కితే రెండు గదుల ట్రావెల్ ఆఫీసు. ముందు గదిలో ఒక కౌంటరు, రెండు ఫోన్లు, గోడకి గడియారం, కిటికీలో తోక విరిగితే జిగురు పెట్టి అతికించిన ప్లాస్టిక్ విమానం. వెనక గదిలో ఓనరు. ఆయన ఫోన్‌లో మాట్లాడితే ఫోనే అక్కర్లేదనిపించేది, అవతలి ఊరికి అలాగే వినపడేంత గొంతు.

ఇంటర్వ్యూలో ఆయన అడిగింది ఒక్కటే. "లెక్కలొచ్చా అమ్మాయ్?"

"మా నాన్న బస్సు కండక్టరండీ."

"సరే, రేపట్నుంచి రా."

నిజానికి ఆ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. వాళ్ళ నాన్న భోజనానికి కూర్చున్నప్పుడు కూడా స్టేజీల రేట్లు చెప్పించేవాడు. ఫలానా మలుపు నుంచి మిల్లు గేటు దాకా ఎంత, పిల్లకి ఎంత, సామానుకి ఎంత అని. చెల్లెళ్ళు విసుక్కుని లేచిపోయేవాళ్ళు, ఆమె మాత్రం కంచం ముందు కూర్చుని టకటకా చెప్పేది. విమానం టికెట్టు చేతికొచ్చాక ఆమెకి కొత్తగా అనిపించింది ఒకే ఒక్క విషయం. బస్సు టికెట్టు మీద ఒకటే అంకె. విమానం టికెట్టు మీద ఎడమ పక్క ఒక నిచ్చెనలాగా గళ్ళుండేవి. పై గడిలో విమానం కంపెనీ తీసుకునే ఛార్జీ. దాని కింద మూడు చిన్న గళ్ళు, పన్నులవి. అన్నిటికీ కింద మొత్తం. వచ్చినవాళ్ళెవరూ పై గళ్ళు చూసేవాళ్ళు కాదు. కింద మొత్తం చూసి నిట్టూర్చి డబ్బు తీసేవాళ్ళు.

ఆమెకి మాత్రం ఆ మూడు గళ్ళంటే భలే ఇష్టం. అడిగినా అడక్కపోయినా చెప్పేది. "ఇదిగోండి, ఇంత విమానానికి. ఇది ఎయిర్‌పోర్టుకి. ఇదేమో గవర్నమెంటుకి, మీరు గాల్లోకి లేచినందుకు."

"దిగినందుకు లేదా?" అని ఓ పెద్దాయన అడిగితే, "అది మీ అదృష్టానికి వదిలేశారండీ" అంది. వెనక గదిలోంచి ఓనరు నవ్వు కింద కొట్టు దాకా వినిపించింది.

ఆమె చేరిన మూడో ఏడు ప్రయాణం పన్ను, అంటే ఆ మూడు గళ్ళూ కలిపి, రెండు వందల నించి నాలుగు వందలకి పెంచుతున్నామని పేపర్లో వేశారు. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి. టికెట్టు రాసిన తేదీయే లెక్క, ప్రయాణం చేసే తేదీ కాదు. ఆ ముక్క జనానికి తెలియగానే ఆఫీసు మెట్ల మీద కాలు పెట్టడానికి చోటు లేకుండా పోయింది. ఆర్నెల్ల తర్వాత వెళ్ళేవాళ్ళు కూడా ఇప్పుడే కొనేస్తామన్నారు. అసలు వెళ్తారో లేదో తెలియని ఒకాయన కూడా కొన్నాడు, "ఉంటే పడుంటుంది" అని. ఆ వారం రోజులూ ఆమె కుడిచేతి చూపుడువేలు కాయ కాసింది. ఓనరు స్వయంగా కింద నుంచి టీ పట్టుకొచ్చి కౌంటరు మీద పెట్టేవాడు. అంత మనిషి మెట్లు దిగి టీ తేవడం అదే మొదలు, అదే ఆఖరు కూడా.

ఒకటో తారీకు పొద్దున అన్ని రూట్లలోనూ రెండేసి వందలు పెరిగాయి. రాజధానికీ పెరిగింది, తీరం ఊరికీ పెరిగింది. ఆమెకి అందులో ఆశ్చర్యపడేదేమీ కనిపించలేదు. పన్ను పెరిగింది, రేటు పెరిగింది. తర్వాత చాలా ఏళ్ళ దాకా ఆమె దాన్ని అంత సూటి సంగతిగానే అనుకుంది.

ఆ ఏళ్ళన్నీ ఆమె జీవితంలో మంచి ఏళ్ళు. పెళ్ళయింది, కూతురు పుట్టింది, నాన్న రిటైరయ్యాడు. మొదటిసారి విమానం ఎక్కేవాళ్ళు ముందురోజు వచ్చి ఆమె దగ్గర కూర్చునేవాళ్ళు. చెప్పులు విప్పాలా, కిటికీ తీస్తారా, వాంతి వస్తే ఎవరికి చెప్పాలి, అన్నీ ఆమెనే అడిగేవాళ్ళు. తిరిగొచ్చాక మళ్ళీ మెట్లెక్కి వచ్చి "మేఘాల పైన కూడా ఎండ ఉందక్కా" అని చెప్పి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు టికెట్టు ఫోన్లోనే కొని ఫోన్లోనే చూపిస్తున్నారు. అప్పుడు టికెట్టు కొనడమే సగం ప్రయాణం.

అలా వచ్చేవాళ్ళలో ఒక నర్సు ఉండేది. వీధి చివర ఆసుపత్రిలో పని. డ్యూటీ దిగి తెల్ల బూట్లతోనే మెట్లెక్కేది. ఆమె తల్లి రాజధానిలో తమ్ముడి దగ్గర ఉండేది. ఏడాదికి ఒకసారి, సెలవు దొరికితే రెండుసార్లు వెళ్ళొచ్చేది. వెళ్ళిన ప్రతిసారీ తిరిగొచ్చి తల్లి అన్న మాటలు అనుకరించి చూపించేది. తల్లి మాటకారి మనిషి. కూతుర్ని చూడగానే "బరువు తగ్గావా, ఉద్యోగం తగ్గిందా?" అని అడిగిందని చెబుతుంటే ఇద్దరూ కౌంటరు మీద పడి నవ్వేవాళ్ళు.

కార్బనక్క ఉద్యోగంలో పద్నాలుగో ఏడు. అప్పుడొచ్చింది ఆ వార్త. విమాన ప్రయాణం పన్ను సగానికి తగ్గిస్తున్నారు, నాలుగు వందలు మళ్ళీ రెండు వందలు. మామూలు మనిషికి విమానం అందుబాటులోకి తేవడమే ఉద్దేశం అని మంత్రి అన్నట్టు పేపర్లో పడింది. ఆ రోజు ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో "ఒకటో తారీకు నుంచి రేట్లు తగ్గుతాయి" అని పెద్ద అక్షరాలతో రాసి, ప్లాస్టిక్ విమానానికి ఆనించి కిటికీలో పెట్టింది.

ఓనరు వచ్చి చూసి "తగ్గుతాయని ఎవరు చెప్పారు?" అన్నాడు.

"పన్ను తగ్గుతోంది కదండీ."

"పన్ను తగ్గుతోందని రాయి మరి."

"రెండూ ఒకటేగా!"

ఆయన ఏదో అనబోయి, ఫోన్ మోగితే వెళ్ళిపోయాడు.

ఇరవై రెండో తారీకు మధ్యాహ్నం నర్సు వచ్చింది. తల్లికి చిన్నగా పక్షవాతం వచ్చిందట, ఎడమ చెయ్యి కొద్దిగా పడిందట. "మాట బాగానే ఉందక్కా, నిన్న ఫోన్లో తమ్ముణ్ణి తిట్టింది కూడా. ఒకసారి చూసొస్తాను. వారం సెలవు ఇచ్చారు, ఎప్పుడైనా వాడుకోవచ్చు. రేపటికి ఉందా?"

రేపటికి సీటుంది. రెండువేల మూడొందలు. కార్బనక్క పెన్ను తీసి, టికెట్టు పుస్తకం తెరిచి, ఆగింది. నర్సు జీతం ఎంతో ఆమెకి తెలుసు. ఆ నెల నర్సు కొడుకు స్కూలు ఫీజు కట్టిందనీ తెలుసు.

"ఇంకో తొమ్మిది రోజులు ఆగగలవా? ఒకటో తారీకున కొంటే పోనూ రానూ కలిపి నాలుగొందలు మిగులుతాయి. మందులకి పనికొస్తాయి."

నర్సు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. "అంతేనంటావా?"

"నా మాట నమ్ము."

"నువ్వు చెప్పాక ఇంకేం" అంటూ నర్సు తెల్ల బూట్ల చప్పుడు చేసుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఒకటో తారీకు పొద్దున్నే కార్బనక్క ఆఫీసు తెరవగానే కంపెనీకి ఫోన్ చేసి కొత్త రేట్లు రాసుకుంది. తీరం ఊరి రూటు చెప్పారు. మొత్తం పంతొమ్మిది వందలుండేది పదిహేడు వందలయింది. సంతోషంగా రాసుకుంది. తర్వాత రాజధాని. పన్ను రెండు వందలు అన్నారు, సరే. ఛార్జీ రెండువేల నూరు.

"పంతొమ్మిది వందలు కదండీ?"

"నిన్నటి దాకా. ఇవాళ్టి నుంచి రెండువేల నూరు."

మొత్తం గడిలో ఎంత రాయాలో ఆమె చేతికి ముందే తెలిసిపోయింది. రెండువేల మూడొందలు. నిన్నెంతో ఇవాళా అంతే. ప్రభుత్వం ఒక గడిలోంచి తీసింది, కంపెనీ దాన్ని అంతకంత పై గడిలో వేసుకుంది. అడుగున ఉన్న అంకె కదల్లేదు.

అదొక్కటే అయితే పెద్ద నష్టం లేకపోయేది. కానీ కార్బనక్కలాగే ఊరంతా ఒకటో తారీకు కోసం కాచుకుని కూర్చుంది. పది గంటలకల్లా రాజధాని విమానాల్లో వారం దాకా సీటు లేదు. నర్సు వచ్చేసరికి దొరికింది ఎనిమిదో తారీకుది. ఆ మాట కార్బనక్క టికెట్టు పుస్తకం వైపు చూస్తూ చెప్పింది.

"పర్వాలేదక్కా, ఎనిమిదే రాయి" అంది నర్సు.

నాలుగో తారీకున ఆ తల్లికి రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి మాట పడిపోయింది.

ఈ సంగతి కార్బనక్కకి తెలిసింది నర్సు తిరిగొచ్చాకే. ఎప్పట్లాగే మెట్లెక్కి వచ్చి కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుంది. ఈసారి అనుకరించి చూపించడానికి మాటలేమీ లేవు.

"నన్ను గుర్తుపట్టిందక్కా. చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏదో చెప్పాలని చూసింది, రాలేదు." స్టూలు మీంచి లేస్తూ, "బరువు చూసిందిలే. కళ్ళతోనే" అంది.

కార్బనక్క ఆ రోజు ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. మొగుడు రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. ఆ సాయంత్రం చూడ్డానికొచ్చిన నాన్న మాత్రం పక్కన కూర్చుని, ఏం జరిగిందో అంతా చెప్పించుకుని, "టికెట్టు కొట్టేవాడు రేటు చెప్పాలమ్మా. ఎప్పుడెళ్ళాలో చెప్పకూడదు" అన్నాడు. కసిరినట్టు కాదు, తనకీ ఎప్పుడో అలాంటిదే ఏదో జరిగినట్టు. ఏం జరిగిందని ఆమె అడగలేదు. తర్వాత అడగాలనుకునేసరికి ఆయన లేడు.

మర్నాడు ఆమె కిటికీలో అట్ట తీసేసి, ఓనరుని అడిగి ఒక పూట సెలవు తీసుకుని, విమానం కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ సేల్స్ మేనేజరు ఆమెకి పదేళ్ళుగా ఫోన్లో తెలిసిన మనిషే, ముఖం చూడటం అదే మొదలు. మర్యాదస్తుడు. కాఫీ తెప్పించాడు.

"పన్ను పెరిగినప్పుడు తెల్లారేసరికి పెంచారు. తగ్గినప్పుడు తగ్గించలేదేం సార్?"

ఆయన దాచుకోలేదు. "చూడమ్మా, పెరిగిన ఏడాది మా రాజధాని విమానం సగం ఖాళీగా పోయేది. ఆ రెండొందలు మేం మోస్తే పుట్టి మునిగేది. ఇప్పుడు? సీట్లు చాలక జనం నీ మెట్ల మీద కొట్టుకుంటున్నారు. రెండువేల మూడొందలకి నిండే విమానాన్ని రెండువేల నూటికి ఎవడమ్ముతాడు?"

"మరి తీరం రూటులో తగ్గించారుగా?"

"అక్కడ ఇంకో కంపెనీ ఉంది కదమ్మా. మేం తగ్గించకపోతే వాళ్ళు తగ్గిస్తారు, మాకు పైలట్ తప్ప ఎక్కేవాడుండడు."

ఆమె కాఫీ తాగకుండానే లేచింది. మోసం చేశారని తిట్టడానికి వెళ్ళిన మనిషికి తిట్టడానికి ఎవరూ దొరకలేదు. పన్ను ఎంతన్నది ప్రభుత్వం చెప్పింది. మనిషి జేబులోంచి ఎంత వస్తుందన్నది మాత్రం ఖాళీ సీట్లు చెబుతున్నాయి, పక్కన పోటీకి ఇంకో విమానం ఉందా లేదా అన్నది చెబుతోంది. పద్నాలుగేళ్ళు నిచ్చెనలో అన్ని గళ్ళూ తన చేత్తో నింపి కూడా ఇది తనకి తట్టలేదే అనుకుంటూ ఆమె బస్సెక్కింది.

ఆ ఏడాదే, పన్ను తగ్గించడం వల్ల జనానికి మేలు జరిగిందా లేదా అని ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చని పేపర్లో ప్రకటన. ఓనరే దాన్ని కత్తిరించి తెచ్చి ఆమె కౌంటరు మీద పెట్టాడు.

"నేనా? అక్కడ కోటు వేసుకున్నవాళ్ళొస్తారండీ."

"కోటు నేను కూడా వేసుకుంటాను. నోరు నీకుంది, నాకు గొంతే ఉంది."

పదిహేనేళ్ళ టికెట్లలో ఆఫీసు కోసం చించి ఉంచిన కార్బన్ నకళ్ళు వెనక గదిలో అట్టపెట్టెల్లో పడి ఉన్నాయి. ఇద్దరూ కలిసి నెల రోజులు ఆ దుమ్ములో కూర్చున్నారు. పన్ను పెరిగిన ముందు వారం, తర్వాత వారం. తగ్గిన ముందు వారం, తర్వాత వారం. రాజధానివి ఒక కట్ట, తీరానివి ఒక కట్ట. వెతుకుతుంటే పాత ప్రయాణాలన్నీ చేతికి తగిలేవి. ఇదిగో ఈయన మొదటిసారి ఎక్కి కళ్ళు మూసుకుని కూర్చున్నాయన, ఇదిగో వీళ్ళు పెళ్ళయిన మర్నాడే వెళ్ళినవాళ్ళు, ఇదిగో ఉంటే పడుంటుందని కొన్నాయన, ఆయన చివరికి ఎక్కనే లేదు. పని మధ్యలో ఓనరు తుమ్ముతూ "అమ్మాయ్, మనం ఎంతమందిని గాల్లోకి లేపామో చూశావా" అనేవాడు.

కమిటీ గది పొడుగ్గా ఉంది. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల, అవతల అయిదుగురు. కమిటీకి పెద్ద ఒక ముసలి అధికారిణి. ఓనరు నిజంగానే కోటు వేసుకొచ్చి, చెమటలు కక్కుతూ వెనక వరసలో కూర్చున్నాడు. కార్బనక్క వంతు వచ్చింది, నకలు చేతిలోకి రాగానే కుదుటపడింది. అది ఆమె రోజూ చేసే పనే. ఒక్కో కాగితం బల్ల మీద పెట్టి, వేలితో గడి చూపిస్తూ చెప్పుకుపోయింది. ఇది ఛార్జీ, ఇది పన్ను, ఇది మొత్తం. ఇది తగ్గక ముందు, ఇది తగ్గాక.

కంపెనీల తరఫు లాయరు లేచాడు. "ఒక చిన్న ఆఫీసు కాగితాలతో దేశం మొత్తం రేట్లు తేల్చేస్తారా?"

"తేల్చనండీ. మీ కాగితాలు కూడా తెస్తే కలిపి చూద్దాం" అందామె. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఎవరో కాదు, ఓనరే.

అధికారిణి కళ్ళజోడు సవరించుకుని అడిగింది. "అయితే పన్ను తగ్గించడం దండగంటారా?"

"కాదమ్మా. తీరం ఊరికి వెళ్ళేవాళ్ళకి పూర్తిగా అందింది. రాజధానికి వెళ్ళేవాళ్ళకి అందలేదు. అక్కడ ఒకటే కంపెనీ, సీట్లు చాలవు. ఇంకో విమానం వస్తే గానీ మీరు వదులుకున్న డబ్బు మా చేతికి రాదు. నాకు తెలిసింది ఇంతే." ఆగి, చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పింది. "తగ్గుతుందని నమ్మి నేను ఒక మనిషిని ఆపాను. ఆ తొమ్మిది రోజులూ తిరిగి రావు."

అధికారిణి ఆ నకళ్ళన్నీ తన ముందుకి లాక్కుంది.

రిపోర్టు మరుసటి ఏడాది వచ్చింది. రెండు వందల పేజీల్లో ఆమె వాటా సగం వాక్యం, "ఒక టికెట్ గుమాస్తా సమర్పించిన నకళ్ళను బట్టి" అని. పేరు కూడా లేదు. ఓనరు మూడు కాపీలు కొని, మూడింట్లోనూ ఆ సగం వాక్యం కింద ఎర్రగీత గీశాడు. ఒకటి ఆఫీసుకి, ఒకటి ఆమెకి, ఒకటి వాళ్ళ నాన్నకి. ఇంకో ఏడాదిన్నరకి రాజధాని రూటులో రెండో కంపెనీకి అనుమతి ఇచ్చారు. అది ఎగిరిన మొదటి నెలలోనే టికెట్టు పంతొమ్మిది వందలకి దిగింది, ఏ పన్నూ తగ్గకుండానే. ఆమె మాటల వల్ల వచ్చిందా, ఎలాగూ వచ్చేదేనా, ఎవరికి తెలుసు. నర్సుకి మాత్రం ఆ సందేహం లేదు. పంతొమ్మిది వందల టికెట్టు మొదటిది తనకే రాయించుకుంది. తల్లి పోయి అప్పటికే రెండేళ్ళు దాటింది, తమ్ముణ్ణి చూడ్డానికి వెళ్ళింది. వెళ్ళేముందు, "అక్కా, నువ్వు నన్ను ఆపావని ఎక్కడో చెప్పావట కదా. నేనే ఆగాను. నాకూ ఆ నాలుగొందలు కావాలనిపించింది. ఆ బరువంతా నువ్వొక్కదానివే మొయ్యకు" అంది. కార్బనక్క తల ఎత్తకుండా టికెట్టు రాస్తూనే ఉంది, ఆ ఒక్క టికెట్టులోనే తేదీ రెండుసార్లు తప్పు పడింది.

ఆ తర్వాత ఎవరు టికెట్టు కోసం వచ్చినా, రేటు చెప్పే ముందు ఆమె ఒక మాట అడిగేది: "ఏ పని మీద వెళ్తున్నారు?" ఒంట్లో బాగోలేని మనిషి కోసమంటే ఇక పన్ను మాటే ఎత్తేది కాదు. పెన్ను తీసి రాసేసేది.

కంప్యూటర్లొచ్చాయి. మూడు పన్ను గళ్ళు పది దాటాయి, అన్నీ ఒకే గడిలో కుక్కి చూపించడం మొదలుపెట్టారు. కార్బన్ టికెట్లు పోయాయి. వేళ్ళకి ఎరుపు వదిలిపోవడానికి మూణ్ణెల్లు పట్టింది, పేరు మాత్రం వదల్లేదు. ఏజెంట్లకిచ్చే కమిషన్ కంపెనీలు ఆపేశాయి. జనం ఇళ్ళలోంచే కొనుక్కోసాగారు. మెట్ల మీద అడుగుల చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఒక ఎండాకాలం పూర్తిగా ఆగిపోయింది. ఓనరు ఆఫీసు మూసేశాడు. ఆ గదుల్లో ఇప్పుడు కళ్ళజోళ్ళ కొట్టువాళ్ళ సామాను ఉంటుంది.

ఆమెకిప్పుడు అరవై దాటాయి, ఓనరుకి ఎనభై నాలుగు. ఆయనకి చెవులు సరిగా వినపడవు. అయినా పొద్దున పదింటికి ఫోన్ చేస్తాడు.

"అమ్మాయ్, రాజధాని ఎంతుంది?"

ఆమె కూతురి ఫోన్లో చూసి చెబుతుంది. ఆయనకి వినపడదు. మళ్ళీ గట్టిగా చెబుతుంది. అప్పుడాయన "అంతెందుకు పెరిగింది? పన్నా, సీట్లా?" అంటాడు.

"సీట్లేనండీ! పన్ను అలాగే ఉంది!"

"పన్ను పెరిగిందా?"

"కాదండీ, సీట్లు! సీట్లు!"

పక్కింటావిడ గోడ మీదుగా తల పెడుతుంది. "ఏమ్మా, ఎవరైనా ఊరెళ్తున్నారా?"

"ఎవరూ లేరు వదినా" అని చెయ్యి ఊపి, ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుని, నవ్వు ఆపుకుంటూ ఆయనకి మళ్ళీ మొదట్నుంచి చెప్పడం మొదలుపెడుతుంది కార్బనక్క.